ఓ పిసరు ఎక్కిన షడ్జం

1986 వేసవి సెలవుల్లో, ఓడల మీద పనిచేసే మా మేనమామ బరంపురం వచ్చినప్పుడు, చీరలకూ సెంటు సీసాలకూ మధ్య తువ్వాలులో చుట్టి తెచ్చిన ఒక నల్లటి పలక లాంటి వస్తువును పెట్టెలోంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. అది తోటి ఉద్యోగి దగ్గర కొన్న పాత జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. సింక్లెయిర్ సంస్థ 1982లో ఇంగ్లండులో విడుదల చేసిన ఆ ఇంటి కంప్యూటర్‌లో 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, బూడిదరంగు రబ్బరు మీటలు ఉండేవి. వాటిని నొక్కుతుంటే పెన్సిలు వెనక ఉండే రబ్బరును నొక్కినట్టే ఉండేది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడిలో చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, యంత్రంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉండటం మా ఊళ్ళో వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడే వరకు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న గంజాం జిల్లాలో, మా వీధి వంటి నేతగాళ్ళ వీధుల్లో, పిల్లలు మూడు భాషల మధ్య చెప్పులు మార్చుకున్నంత సులువుగా తిరిగేవారు.

ఆ యంత్రం బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ మీద పంపేది. మా నలుపు తెలుపు టీవీ వీహెచ్‌ఎఫ్ తప్ప మరొకటి ఎరగదు. బజారులోని రేడియో మెకానిక్ రెండు సాయంత్రాలు కూర్చుని, యంత్రం మూత విప్పి, బొమ్మ తీగను నేరుగా టీవీ లోపలికి కలిపాడు. రంగుల కోసం పేరుబడ్డ కంప్యూటర్ మా ఇంట్లో చివరిదాకా బూడిద రంగులోనే బతికింది. మిగిలింది చప్పుడు ఒక్కటే. అది టీవీలోంచి రాదు, మీటల కింద దాగిన పావలాకాసు కంటే కాస్త పెద్దదైన స్పీకరులోంచి వస్తుంది.

ఆ స్పీకరును నడిపేది ఒకే ఒక్క బిట్టు. పొర ముందుకు జరగాలి, లేదా వెనక్కి రావాలి; మధ్యస్థితి అంటూ లేదు. హార్మోనియం మీద మొదటి శ్రుతి షడ్జంగా మనం పట్టుకునే స్వరం, అంటే పాశ్చాత్యుల మధ్య సి, పలకాలంటే సెకనుకు సుమారు 262 సార్లు ఆ బిట్టు ఆరి వెలగాలి. ఆ ఆర్పడం వెలిగించడం చేసేది వేరే చిప్పు కాదు, లెక్కలు చేసే జెడ్80 ప్రాసెసరే. కాబట్టి స్వరం పలుకుతున్నంతసేపూ యంత్రం మరో పని ముట్టదు. రుబ్బురోలు తిప్పేవాడు పక్కవాడితో కరచాలనం చేయలేడు కదా, అలాగన్నమాట.

బేసిక్ భాషలో దానికి ఇచ్చే ఆజ్ఞ బీప్. ఆ ఆజ్ఞకు రెండు సంఖ్యలు కావాలి: మొదటిది ఎన్ని సెకన్లు పలకాలో చెబుతుంది, రెండోది మధ్య సి నుంచి ఎన్ని మెట్లు, అంటే ఎన్ని అర్ధస్వరాలు, పైకో కిందికో చెబుతుంది. స్పెక్ట్రమ్‌లో ఆజ్ఞలను అక్షరం అక్షరంగా టైపు చేయనక్కరలేదు. ఒక్కొక్క మీట మీద నాలుగైదు మాటలు అచ్చువేసి ఉంటాయి. జెడ్ మీట కింద ఎర్ర అక్షరాలతో బీప్ ఉండేది. అదే మీట పైన ఆకుపచ్చ అక్షరాలతో ఎల్‌ఎన్ అని మరో మాట ఉండేది. అది లాగరిథమ్ అని పదో తరగతి దాటాక గాని నాకు తెలియలేదు. పొరపాటున చాలాసార్లు బీప్‌కు బదులు అదే పడేది, విసుక్కుని చెరిపేసేవాణ్ణి.

స్పెక్ట్రమ్‌తో వచ్చిన పుస్తకం రాసిన స్టీవెన్ వికర్స్ అనే గణిత పండితుడు, బీప్ గురించిన అధ్యాయంలో మాలర్ అనే పాశ్చాత్య స్వరకర్త మొదటి సింఫనీ లోని శవయాత్ర సంగీతాన్ని ఉదాహరణగా ఇచ్చాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ అధ్యాయం చదువుతున్న నాకు నడుమ ఒకచోట భారతీయ సంగీతం అన్న మాట కనిపించినప్పుడు, పరాయి ఊరి సంతలో మన వీధి మనిషి ఎదురైనట్టు అనిపించింది. భారతీయ సంగీతం వంటి సంగీతాలలో అర్ధస్వరం కంటే చిన్న అంతరాలు ఉంటాయనీ, వాటిని బీప్‌లో నిరభ్యంతరంగా ఇవ్వవచ్చుననీ, మధ్య సి కి పావు స్వరం పైన ఉన్న ధ్వని కావాలంటే .5 అని రాస్తే చాలుననీ ఆయన తేల్చాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న చోటును దశాంశాలతో అందుకోవచ్చునని నాకు మొదట చెప్పినది ఆ రెండు వాక్యాలే.

వీటిని పరీక్షించడానికి మా ఇంట్లోనే పరీక్షాధికారి ఉంది. మా పెద్దమ్మ విజయనగరంలో, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా 1919లో మొదలైన సంగీత కళాశాలలో పాట నేర్చుకుని వచ్చి, బరంపురంలో ఇంటి వసారాలో పిల్లలకు చెప్పేది. ఆమె శ్రుతి ఐదు. చెక్క శ్రుతిపెట్టె తిత్తిని ఎడమ చేత్తో ఊదుతూ, కుడి చేత్తో తొడ మీద తాళం వేస్తూ, అవతలి వీధిలో మగ్గం చప్పుడు తాళానికి అడ్డం వస్తే ఆ మగ్గం వాణ్ణి కూడా దెబ్బలాడే రకం.

నేను మొదట రాసిన ప్రోగ్రాం సరళీ వరుసలు. మాయామాళవగౌళ రాగం ఆరోహణను 0, 1, 4, 5, 7, 8, 11, 12 అని డేటా వాక్యంలో పెట్టి, చదివించి, పలికించాను. మొదటి కాలం, రెండో కాలం విని పెద్దమ్మ ఊరుకుంది. మూడో కాలంలో చెయ్యి ఆపేసింది.

"ఏటిరా ఇది? మూడో కాలం తాళంలో నిలవట్లేదు. వెనకబడిపోతోంది."

నాకు వినిపించలేదు గాని ఆమె మాట నిజం. స్వరానికీ స్వరానికీ మధ్య బేసిక్ తర్వాతి సంఖ్యను వెతుక్కోవడానికీ, దాన్ని కంపనాల లెక్కగా మార్చుకోవడానికీ కొంత సమయం తీసుకుంటుంది. మొదటి కాలంలో స్వరం నిడివి ఎక్కువ కనుక ఆ జాప్యం అందులో కలిసిపోతుంది. మూడో కాలంలో స్వరం నాలుగో వంతుకు కుదించుకుపోయినా జాప్యం మాత్రం కుదించుకోదు. ప్రతి స్వరం నిడివిలోనూ కాస్త కాస్త కోస్తూ పోయి, గోడ గడియారం ముందు కూర్చుని వంద స్వరాలకు పట్టిన కాలం కొలిచి సరిచేశాను. ఆ పని మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. వీధి ఆ చివర నుంచి "కరెంట్ గలా" అని ఒడియాలో కేక వినబడేసరికి నా రెండు గంటల కష్టం గాలిలో కలిసిపోయి ఉండేది, ఎందుకంటే ఆ యంత్రానికి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం.

తాళం కుదిరాక పెద్దమ్మ అసలు ఫిర్యాదు బయటపెట్టింది. గాంధారం ఎక్కువైందట. హార్మోనియం గాంధారంలా గరగరలాడుతోందట. నేను పుస్తకం తెచ్చి 4 అంటే సరిగ్గా నాలుగు మెట్లని చూపించబోయాను గాని, ఆమె శ్రుతిపెట్టె ఊదుతూ తన గాంధారం పాడి చూపించింది. నేను 4 ను 3.95 చేశాను. తల అడ్డంగా ఆడించింది. 3.9. "కొంచెం దిగాలి." 3.85 దగ్గర కళ్ళు మూసుకుంది. ఆ స్వరం శ్రుతిలో కరిగిపోయి, శ్రుతిపెట్టె గొంతు, యంత్రం గొంతు ఒకటైనట్టు నాకు కూడా తెలిసిన మొదటి సందర్భం అదే. తర్వాత ఏళ్ళకు, షడ్జానికీ అంతర గాంధారానికీ సహజ నిష్పత్తి 4 కి 5 అని చదువుకున్నాక, దాన్ని మెట్లలోకి మార్చడానికి లాగరిథమ్ కావాలని తెలిసింది. నాలుగింట అయిదుకు ఎల్‌ఎన్ తీసి, రెండు ఎల్‌ఎన్ చేత భాగించి, పన్నెండుతో హెచ్చిస్తే 3.863 వస్తుంది. బీప్ ఉన్న జెడ్ మీట మీదే ఆ ఎల్‌ఎన్ కూడా కూర్చుని ఉంది; నేను అన్నాళ్ళూ విసుక్కుంటూ చెరిపేసినది దాన్నే.

స్వరాన్ని ఊపే గమకం దగ్గర మాత్రం స్పెక్ట్రమ్ చేతులెత్తేసింది. రిషభాన్ని ఊపాలంటే 1 నుంచి 1.5 దాకా పదో వంతు చొప్పున ఎక్కి దిగే చిన్న చిన్న బీప్‌ల వరుస రాయాలి. రాశాను. ప్రతి ముక్కకూ మధ్య అదే జాప్యం చిటుక్కుమంటూ ఉండటంతో, అది కంపితంలా కాక, గులకరాళ్ళు డబ్బాలో పోసి ఆడించినట్టు వినిపించింది. వసారాలో కూర్చున్న శిష్యురాళ్ళు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మ నవ్వలేదు. "దాని చేతకానిది దానిచేత చేయించకు నాయనా," అని మాత్రం అంది.

ఇంతలో మరో యంత్రం తారసపడింది. భారత ప్రభుత్వం 1984లో క్లాస్ అనే పథకం కింద దేశంలోని కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మా బడికి రాలేదు. రైలు మార్గంలో ఉన్న మరో ఊరి బడికి వచ్చింది. అక్కడ చదివే మా పిన్ని కొడుకు శనివారాలు నన్ను తన వెంట తీసుకుపోయేవాడు. ఆ బడి పేరు చెప్పను గాని, వాళ్ళు దాన్ని దేవుడి గదిలో ఉత్సవ విగ్రహంలా తాళం వేసి దాచేవారు. బూట్లు విప్పి, వరసలో నిలబడి, మనిషికి పది నిమిషాలు. ఏడాదిలో నాకు దక్కినది మొత్తం మీద మూడు గంటలకు మించదని నా అంచనా, ఆ మూడు గంటల దాహం ఇప్పటికీ తీరలేదు.

బీబీసీ మైక్రోలో శబ్దానికి ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంది: మూడు స్వర మార్గాలు, ఒక రొద మార్గం. సౌండ్ అన్న ఆజ్ఞ ఇస్తే స్వరం దాని పాటికి అది పలుకుతుంది, ప్రోగ్రాం తన దారిన తాను సాగిపోతుంది. దానికి తోడు ఎన్వలప్ అనే మరో ఆజ్ఞకు ఏకంగా పద్నాలుగు సంఖ్యలు ఇవ్వాలి. అందులో ఆరు సంఖ్యలు, పలుకుతున్న స్వరం నూరోవంతు సెకన్ల లెక్కన ఎంతెంత ఎక్కాలో, ఎన్ని అడుగులు వేయాలో, తిరిగి ఎంత దిగాలో చెప్పేవి. కాగితం మీద ఇంటి దగ్గరే రాసుకుని పోయి, నాకు దక్కిన పది నిమిషాల్లో వేళ్ళు వణుకుతూ కొట్టాను. రిషభం ఊగింది. చిటుకులు లేవు, తెగిపోవడం లేదు. నీటి మీద దీపపు నీడలా ఒకే గీతగా ఊగింది. వెనక వరసలోని పిల్లలు "పాము పాట, పాము పాట" అని ఒడియాలో అరిచారు.

అయితే ఆ యంత్రంలో మెట్టుకు నాలుగే భాగాలు. స్థాయికి నలభై ఎనిమిది. గాంధారానికి 3.75 ఉంది, 4 ఉంది, పెద్దమ్మ అంగీకరించిన 3.85 లేదు. ఇంట్లో ఉన్న యంత్రానికి గాంధారం తెలుసు గాని ఊపడం రాదు. ఊళ్ళు దాటి పోతే కనిపించే యంత్రానికి ఊపడం తెలుసు గాని గాంధారం అందదు. ఈ రెంటినీ ఒకే గదిలో పెట్టగలిగితే ఎంత బాగుండునో అని రైలు కిటికీ పక్కన కూర్చుని ఆలోచించేవాణ్ణి.

పాట కట్టడమే కాదు, వినడమూ ఉండేది. చేతులు మారుతూ మా దాకా వచ్చిన ఆటల క్యాసెట్లలో 1983 నాటి మానిక్ మైనర్ ఒకటి. ఆట మొదలు కాకముందు స్ట్రాస్ వాల్ట్జ్, ఆట నడుస్తుండగా గ్రీగ్ కూర్చిన పర్వతరాజు సభ సంగీతం అందులో వినిపించేవి. పలికేటప్పుడు మరో పని ముట్టని యంత్రం బొమ్మలను కదిలిస్తూ ఎలా పలుకుతోందన్నది నన్ను నెలలపాటు వేధించింది. ఒక అడుగు ఆట, ఒక చిటికెడు పాట, మళ్ళీ ఒక అడుగు ఆట అన్న పద్ధతిలో యంత్రభాషలో వంతులు వేసుకుంటుందని తర్వాత అర్థమైంది. అందుకే ఆ పాట పుక్కిలిస్తున్న మనిషి గొంతులా ఉంటుంది. నా మట్టుకు నాకు, తర్వాత వచ్చిన ఏ మంచి సౌండ్ కార్డు మీదా ఆ పుక్కిలింతకు ఉన్న రుచి దొరకలేదు. 1988లో పూణేలోని డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్ ప్లస్‌ను మన దేశంలోనే తయారు చేయడం మొదలుపెట్టాక ఇలాంటి క్యాసెట్లు మా వైపు మరికొన్ని వచ్చాయి.

నేను చేసిన ఘోరం కూడా చెప్పాలి. ప్రోగ్రాములను దాచుకోవడానికి టేప్ రికార్డరు తప్ప మరో దారి లేదు. ఖాళీ క్యాసెట్లు కొనడానికి డబ్బులు లేవు. ఒక రాత్రి, సరిచేసిన గాంధారంతో మాయామాళవగౌళ ప్రోగ్రాం పూర్తయిన ఉత్సాహంలో, పేరు రాయని ఒక క్యాసెట్ తీసి, చివర్లో ఖాళీ ఉంటుందన్న ధీమాతో సేవ్ చేశాను. అది నవరాత్రులలో పెద్దమ్మ పాడిన కచేరీ రికార్డు.

నాలుగు రోజుల తర్వాత, వసారాలో శిష్యురాళ్ళకు అదే కీర్తన వినిపించాలని ఆమె ఆ క్యాసెట్ పెట్టి, అలవాటు కొద్దీ శ్రుతిపెట్టె కూడా ఊదుతూ కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను. అనుపల్లవి ముగిసి చరణం ఎత్తుకోబోతుండగా గొంతు తెగిపోయి, ఆ స్థానంలో ఎక్కడా వణకని, ఊపిరి తీసుకోని, సూదిలాంటి స్వరం ఒకటి మొదలైంది. టేపు నుంచి స్పెక్ట్రమ్‌లోకి ప్రోగ్రాం లోడ్ చేసిన వాళ్ళందరికీ తెలిసిన స్వరమే అది. సుమారు ఐదు సెకన్లు నిలిచి, తర్వాత జరజరమని సమాచారంలోకి దిగుతుంది. నా కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. పెద్దమ్మ శ్రుతిపెట్టె ఆపలేదు. తల పక్కకు వంచి, ఆ ఐదు సెకన్లూ విన్నది.

"పై షడ్జం పట్టుకుందిరా నీ మిషను. గాని ఓ పిసరు ఎక్కింది."

ఆ తర్వాత తిట్లు వచ్చాయి, అవి ఇక్కడ రాయదగినవి కావు. ఆ సాయంత్రమే ఆమె ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ ముందేసుకుని, వాటి వెనక ఉండే ప్లాస్టిక్ ముక్కలను జడపిన్నుతో విరిచిపారేసింది. ఆ ముక్క లేకపోతే వాటి మీద రికార్డు చేయడం కుదరదని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే.

కాలేజీలో పీసీలు, జీడబ్ల్యూ బేసిక్ వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఒక్క సంగతి తప్ప. అందులోని సౌండ్ ఆజ్ఞకు మెట్లు కాక నేరుగా సెకనుకు కంపనాలు ఇవ్వాలి. షడ్జాన్ని 240 గా పెట్టుకుంటే మాయామాళవగౌళ స్వరాలన్నీ 240, 256, 300, 320, 360, 384, 450, 480 అని ఒక్క దశాంశం కూడా లేకుండా నిండు సంఖ్యలుగా దిగుతాయి. హాస్టల్లో రాత్రి రెండు గంటలకు ఆ వరుస కాగితం మీద చూసి, లేపి చెప్పడానికి ఎవరూ లేక, నాలో నేనే నవ్వుకున్నాను.

కిందటేడాది బరంపురం ఇల్లు సర్దుతుంటే ఆ క్యాసెట్ దొరికింది. రిబ్బను మీద గోపాలపురం సముద్రపు తేమ తెల్లటి పొరగా కట్టి ఉంది. దూదితో తుడిచి, లాప్‌టాప్‌లోకి ఎక్కించి, స్పెక్ట్రమ్‌ను అనుకరించే ప్రోగ్రాంకు అందించాను. మూడోసారికి లోడ్ అయింది. పద్నాలుగేళ్ళప్పుడు నేను రాసిన డేటా వాక్యం తెర మీదకు వచ్చింది: 0, 1, 3.85, 5, 7, 8, 11, 12. రిషభాన్నీ ధైవతాన్నీ నిషాదాన్నీ సరిచేయకుండా గాంధారం ఒక్కదానితోనే ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు గుర్తులేదు.

అప్పుడు పెద్దమ్మ అన్న మాట గుర్తొచ్చింది. ఆ సూదిలాంటి స్వరం ఎంతో స్పెక్ట్రమ్ రామ్‌లో రాసే సంఖ్య కాదు, దాని రోమ్‌లో స్థిరంగా చెక్కి ఉన్న లెక్క. ప్రాసెసరు సెకనుకు 35 లక్షల టిక్కులు వేస్తుంది. ఆ స్వరంలో ఒక్కొక్క అరకంపనం 2,168 టిక్కులు తీసుకుంటుంది. భాగిస్తే సెకనుకు సుమారు 807 కంపనాలు. దాన్ని మధ్య సి తో పోల్చి మెట్లలోకి మార్చడానికి అదే యంత్రంలో జెడ్ మీట నొక్కాను, ఈసారి పైనున్న ఆకుపచ్చ మాట కోసమే. జవాబు 19.5.

ఐదో శ్రుతి మీద పాడేవాళ్ళ షడ్జం ఒక్కొక్క స్థాయే ఎక్కుతూ పోతే 19 దగ్గర పడుతుంది.

పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై మూడేళ్ళు, విశాఖపట్నంలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేసి, ఆనాడు ఆమె చెప్పిన పిసరు విలువ సరిగ్గా అర మెట్టు అని, ఆ ఇంగ్లీషు పుస్తకంలో భారతీయ సంగీతానికి ఉదాహరణగా ఇచ్చిన .5 అదేనని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె అంతా విని, "అదలా ఉంచు. ఆ టేపులో నా పాట ఏమైనా మిగిలిందా?" అని అడిగింది.

అనుపల్లవి దాకా ఉందని చెప్పాను.

"అయితే పెట్టు," అంది.